లావైన గుండ్రటి ఫాంట్: బోర్డు మీద మెరిసింది బ్రోషర్‌లో ఎందుకు తేలిపోయింది?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక దంత వైద్యశాలకు లోగో, బోర్డు, బ్రోషర్ చేస్తున్నారు. మూడింటికీ ఒకే లావైన గుండ్రటి డిస్‌ప్లే ఫాంట్ (పెద్ద సైజులో వాడేందుకు చేసిన ఫాంట్) వాడారు. బోర్డు డిజైన్ డాక్టర్ గారికి చూడగానే నచ్చింది. బ్రోషర్ చూశాక మాత్రం "చిన్నపిల్లల పుస్తకంలా ఉందండీ" అన్నారు. ఇప్పుడు ఫాంట్ మొత్తం మార్చేయాలా, అసలు వైద్యశాలకు ఇలాంటి అక్షరాలు పనికివస్తాయా అని అడిగారు.

ఫాంట్ మార్చకండి. బ్రోషర్‌లో పేరుకీ శీర్షికలకీ మాత్రం ఉంచి, అందులోని మిగతా మాటల నుంచి తీసేయండి. డాక్టర్ గారు రెండుసార్లూ సరిగ్గానే చూశారు. అదెలాగో కొంచెం వివరంగా చెబుతాను. బోర్డులు, ప్యాకేజింగ్ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఈ రకం అక్షరాలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. వాటిని "క్యూట్" అనే ఒక్క మాటతో తేల్చేస్తుంటే బాధేస్తుంది.

లావు అక్షరం గట్టి గొంతు లాంటిది, దూరానికి వినపడుతుంది. ఆ లావుకి పదునైన మూలలు తోడైతే గొంతులో కరుకుదనం వస్తుంది. హెచ్చరిక బోర్డులకు, నిరసన పోస్టర్లకు ఆ కరుకుదనమే కావాలి. అదే లావు ఉంచి మూలలు, గీతల చివరలు గుండ్రంగా చేస్తే గొంతు తగ్గదు, కసురు మాత్రం పోతుంది. వీధి అవతల నుంచి పేరు పెట్టి పిలిచే దగ్గరి మనిషి గొంతులా ఉంటుంది. పంటి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది భయపడుతూనే వస్తారు. ఆ గుమ్మం మీద ఏ గొంతు ఉండాలో ఆలోచిస్తే మీ ఎంపిక సరైనదే.

గుండ్రం అంటే మెత్తన అనుకోవడం డిజైనర్లు పెట్టిన అలవాటు కూడా కాదు. 1929లో వోల్ఫ్‌గాంగ్ కోలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గుండ్రటి ఆకారాన్నీ ఒక మొనల ఆకారాన్నీ రెండు అర్థంలేని పేర్లతో జతపరిచి చూశాడు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబర్డ్ అదే విషయాన్ని "బూబా", "కికి" అనే పేర్లతో మళ్లీ పరీక్షించారు. ఎక్కువమంది గుండ్రటి బొమ్మనే బూబా అన్నారు. మనిషి కన్ను వంపునీ మెత్తటి ధ్వనినీ ఒకే గూటిలో పెడుతుంది. మీ ఫాంట్ బలం అక్కడి నుంచే వస్తోంది.

మరి "చిన్నపిల్లల" అనే ముద్ర ఎలా పడింది? ఈ అక్షరాలు పుట్టింది పిల్లల కోసం కాదు. గుండ్రటి చివరలు మొదట పనిముట్ల వల్ల వచ్చాయి. గుండ్రటి మొన ఉన్న పెన్నుతో గీస్తే గీత చివర తనంతట తానే గుండ్రంగా ఆగుతుంది. చెక్కని తొలిచే యంత్రపు మొన, అంటే రూటర్ బిట్, చెక్కలో తిరిగితే లోపలి మూలలో దాని వ్యాసార్థం అంత వంపు మిగులుతుంది. నియాన్ గొట్టం ఎలాగూ మొనదేరి వంగదు. ఇంజినీర్ల డ్రాయింగులు, యంత్రాల మీద చెక్కిన నంబర్లు చూస్తే చాలావరకు గుండ్రటి చివరలే.

తర్వాత సంగతి చూడండి. 1922లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ ఫౌండ్రీ కోసం ఆస్వాల్డ్ కూపర్ చేసిన కూపర్ బ్లాక్ ప్రకటనల్లో వాడే లావైన అక్షరం. దాని సెరిఫ్‌లు (గీతల కొసల్లో ఉండే చిన్న పాదాలు) కూడా ఉబ్బి, గుండ్రబడి ఉంటాయి. ఈజీజెట్ విమానయాన సంస్థ పేరు ఆ అక్షరాల్లోనే చూశాం. 1970ల చివర్లో ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లు అమ్మే డీలర్లందరికీ ఒకే రూపం ఇవ్వడానికి చేయించుకున్నది వీఏజీ రౌండెడ్. కార్ల షోరూముల కోసం పుట్టిన అదే ఫాంట్ ఆ తర్వాత చాలా ఏళ్లు ఆపిల్ కీబోర్డుల మీటల మీద ఉంది. జపాన్‌లో రోడ్డు గుర్తుల మీద కూడా గుండ్రటి చివరల అక్షరాలు కనిపిస్తాయి. ఇవన్నీ పెద్దవాళ్ల పనులే.

నా అనుభవంలో పిల్లల పుస్తకం వాసన గుండ్రం ఒక్కదాని వల్ల రాదు, దానితో తోడొచ్చే వాటి వల్ల వస్తుంది. ఎరుపు, పసుపు, నీలం పక్కపక్కన పెట్టడం, అక్షరాల్ని ఒకటి పైకీ ఒకటి కిందికీ గెంతించడం, చుట్టూ తెల్ల అవుట్‌లైన్, దాని వెనక నీడ. వీటిలో రెండు కలిస్తే చాలు, ఏ ఫాంటైనా బొమ్మల పెట్టె అయిపోతుంది. ఇంకొకటి చాలామంది గమనించనిది ఇంగ్లిష్ స్మాల్ ఏ. కొన్ని ఫాంట్లలో అది బడిలో చేతిరాతకి నేర్పినట్టు ఒక సున్నా, పక్కన ఒక గీతగా ఉంటుంది. కొన్నిట్లో అచ్చు పుస్తకాల్లోలా పైన కొక్కెం, కింద పొట్టతో రెండంతస్తులుగా ఉంటుంది. మొదటిది చూడగానే మనసు పలక మీదికి వెళ్తుంది. మీరు వాడిన ఫాంట్‌లో స్మాల్ ఏ ఎలా ఉందో చూడండి. అది బడిలో నేర్పే రూపమే అయితే, దానికి ప్రత్యామ్నాయం ఆ ఫాంట్‌లోనే ఉందేమో సాఫ్ట్‌వేర్‌లోని గ్లిఫ్స్ ప్యానెల్‌లో (ఫాంట్‌లోని ఆకారాలన్నీ చూపే చోట) వెతకండి. ఆ ఒక్క అక్షరం మారిస్తే పేరు వయసు పదేళ్లు పెరిగినట్టు అనిపిస్తుంది.

ఇక అసలు విషయం, సైజు. లావైన ఫాంట్‌లో నిలువు గీత మందం ఎమ్ సైజులో, అంటే ఫాంట్ సైజులో, సుమారు 15 శాతం ఉంటుందనుకుందాం. బోర్డు మీద క్యాపిటల్ అక్షరం ఎత్తు 30 సెంటీమీటర్లయితే ఎమ్ సైజు అంతకంటే పెద్దది, 40 సెంటీమీటర్ల పైనే ఉంటుంది కాబట్టి గీత మందం ఆరు సెంటీమీటర్లు దాటుతుంది. చివర అర్ధవృత్తం కాబట్టి దాని వ్యాసార్థం మూడు సెంటీమీటర్ల పైనే. కంటికి ఆ వంపు నిండుగా అందుతుంది. అదే ఫాంట్‌ని బ్రోషర్‌లో 10 పాయింట్లలో పెడితే గీత మందం ఒకటిన్నర పాయింట్, అంటే అర మిల్లీమీటరు. వంపు పావు మిల్లీమీటరు. ఆ కొలతలో వంపు కనిపించదు, లావు ఒక్కటే మిగులుతుంది. అంటే ఫాంట్‌లోని మంచి గుణం పోయి బరువు మాత్రం పేజీకి ఎక్కింది. దానికి తోడు స్మాల్ ఈ, ఏ, ఎస్ లాంటి అక్షరాల లోపలి ఖాళీలు సిరా తాకిడికి సగం మూసుకుపోతాయి. స్క్రీన్ మీదా ఇంతే. 16 పిక్సెళ్లలో గీత రెండున్నర పిక్సెళ్లు, వంపు పిక్సెల్‌కి కాస్త ఎక్కువ. అక్కడ గుండ్రటి ఫాంట్‌కీ మామూలు బోల్డ్ ఫాంట్‌కీ తేడా చెప్పమంటే నేను కూడా తడబడతాను.

రెండో కారణం, పేజీ నిండా గట్టి గొంతే ఉంటే ఏ మాట ముఖ్యమో చదివేవాళ్లకి తెలియదు. "రూట్ కెనాల్ తర్వాత ఏం జాగ్రత్తలు తీసుకోవాలి" అనే పేరా నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పినట్టు ఉండాలి. మీ బ్రోషర్ ఆ మాటల్ని కూడా వీధి అవతల నుంచి పిలుస్తున్న గొంతుతోనే చెబుతోంది. డాక్టర్ గారికి తగిలింది ఇదే అనుకుంటున్నాను.

బ్రోషర్‌కి నేనైతే ఇలా చేస్తాను. వైద్యశాల పేరు, ప్రతి పేజీలో ఒక శీర్షిక మాత్రం ఈ ఫాంట్‌లో. శీర్షిక 24 పాయింట్లకు తగ్గకుండా, నాలుగైదు పదాలు దాటకుండా. మిగతా అంతా మామూలు వెయిట్‌లో (అక్షరాల లావు మెట్టులో) ఉన్న నిశ్శబ్దమైన శాన్స్, అంటే సెరిఫ్‌లు లేని ఫాంట్. ఆ శాన్స్ ఎముకల గూడు శీర్షిక ఫాంట్‌కి దగ్గరగా ఉంటే రెండూ ఒకే ఇంటివాళ్లలా కలిసిపోతాయి. నూనిటో, నూనిటో శాన్స్ అనే ఫాంట్ల జత దీనికి మంచి ఉదాహరణ. వర్నన్ ఆడమ్స్ చేసిన నూనిటోలో చివరలు గుండ్రం, నూనిటో శాన్స్‌లో తెగ్గోసినట్టు ఉంటాయి, గూడు ఒకటే. శీర్షికకు మొదటిదాని బ్లాక్ వెయిట్ (అన్నిటికంటే లావు మెట్టు), పేరాలకు రెండోదాని రెగ్యులర్ పెట్టి చూడండి. రెండు గుండ్రటి ఫాంట్లని మాత్రం జతకట్టకండి, వేర్వేరు ఇళ్ల నుంచి వచ్చిన రెండు వంపులు ఎప్పుడూ పొసగవు.

మీ ఫాంట్ మంచిదేనా అన్నది కూడా ఒకసారి తేల్చుకోండి, ఎందుకంటే గుండ్రటి ఫాంట్ చేయడం పైకి కనిపించేంత తేలిక కాదు. పెద్దగా, ఒక అడుగు ఎత్తున, స్క్రీన్ మీద తెరిచి చూడండి. నిటారు గీత చివర అర్ధవృత్తం యథాతథంగా అతికిస్తే, గీత వంపులోకి మారే చోట చిన్న ఉబ్బులా కనిపిస్తుంది, గీత ఎముకలా అనిపిస్తుంది. లెక్క ప్రకారం అంతా సరిగ్గానే ఉంటుంది, కన్ను మాత్రం ఒప్పుకోదు. మంచి డిజైనరు ఆ వంపుని కాస్త ముందే, నెమ్మదిగా మొదలుపెడతాడు. అలాగే గుండ్రటి చివర ఉన్న ఎల్, చదునైన చివర ఉన్న ఎల్ ఒకే ఎత్తులో పెడితే గుండ్రటిది పొట్టిగా కనిపిస్తుంది. అందుకే దాన్ని గీత దాటించి కొంచెం పైకీ కిందికీ సాగదీస్తారు. అడ్డగీతలు నిలువు గీతల కంటే కాస్త సన్నగా ఉన్నాయా, ఎన్ అక్షరంలో తోరణం నిలువు గీతని కలిసే చోట కొంచెం పలచబరిచారా అన్నవి కూడా చూడండి. ఆ పలచన లేకపోతే లావు ఫాంట్‌లో కీళ్ల దగ్గర నల్లటి ముద్దలు కడతాయి. కళ్లు సగం మూసి చూస్తే ఆ ముద్దలు ఇట్టే తెలిసిపోతాయి.

ఇక్కడ ఒక తప్పు గురించి హెచ్చరించాలి, ఎందుకంటే నేను అది చేశాను. మామూలు బోల్డ్ ఫాంట్‌కి సాఫ్ట్‌వేర్‌లో చుట్టూ స్ట్రోక్ (అంచు గీత) ఇచ్చి, రౌండ్ జాయిన్ (మూలల్ని గుండ్రం చేసే ఎంపిక) పెడితే గుండ్రటి ఫాంట్ వచ్చేసినట్టే ఉంటుంది. పని మొదలుపెట్టిన రోజుల్లో ఒక బోర్డుకి అలాగే చేసి ఇచ్చాను. స్ట్రోక్ బయటికే కాదు, లోపలికి కూడా లావెక్కిస్తుంది. స్మాల్ ఈ లోపలి కన్ను సన్నటి చీలికగా మారింది. అక్షరాల మధ్య సందులు తగ్గిపోయాయి. బయటి మూలలు గుండ్రబడ్డాయి, లోపలి మూలలు మాత్రం పదునుగానే ఉండిపోయాయి. రాత్రి వెనక నుంచి లైటు వేస్తే ఆ చీలిక మొత్తం వెలుగులో కలిసిపోయి స్మాల్ ఈ కాస్తా ఒక ముద్దయింది. అక్షరాలన్నీ మళ్లీ కోయించాల్సి వచ్చింది. నిజమైన గుండ్రటి ఫాంట్‌లో లోపలి ఖాళీని కూడా ఒక ఆకారంగా గీస్తారు. దాని విలువ ఆ రాత్రి తెలిసింది.

లైటు మాట వచ్చింది కాబట్టి, మీ బోర్డు వెనక ఎల్‌ఈడీ ఉంటే ఈ రకం అక్షరాలు బాగా అనుకూలం. సన్నటి మొనల్లోకి వెలుగు సరిగా చేరదు, గుండ్రటి చివరలో ఆ ఇబ్బంది తక్కువ. కాకపోతే వెలిగే అక్షరం ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది. అందుకని ఫాంట్‌లో బ్లాక్, బోల్డ్ రెండూ ఉంటే వెలిగే బోర్డుకి ఒక మెట్టు దిగి బోల్డ్ వాడండి.

అక్షరాల మధ్య దూరం గురించి. పెద్ద సైజులో లావు ఫాంట్లని కొంచెం దగ్గరికి జరిపితే పేరు ఒక ముద్రలా కుదురుతుంది. ఎంతవరకు అంటే, అక్షరం లోపలి ఖాళీ, అక్షరాల మధ్య ఖాళీ కంటికి దాదాపు సమానం అనిపించేవరకు. అక్కడ ఆగండి. ఇంగ్లిష్ ఓ అక్షరం పక్కన ఇంకో ఓ వస్తే రెండు వంపులూ తాకబోతున్నట్టు ఉంటాయి, ఆర్ పక్కన టీ వస్తే మధ్యలో గుంట పడుతుంది. సాఫ్ట్‌వేర్ తానే చేసే కెర్నింగ్‌ని (అక్షర జతల మధ్య దూరం సర్దడాన్ని) నమ్మి వదిలేయకండి. లోగోలో ఉండేది పది అక్షరాలే, ఒక్కో జతనీ చేత్తో సర్దండి. పేరుని తలకిందులుగా తిప్పి చూస్తే చదవడం ఆగిపోయి ఖాళీలు మాత్రమే కనిపిస్తాయి.

మీ బోర్డు మీద తెలుగు కూడా ఉందన్నారు. అసలైన కష్టం ఇక్కడే ఉంది, దీనికి తీరిక చేసుకోండి. తెలుగు అక్షరం పుట్టుకతోనే గుండ్రం. ఇంగ్లిష్‌లో ఎల్ గీతని గుండ్రం చేస్తే ఆ తేడా వెంటనే తెలుస్తుంది, తెలుగులో ల ఎప్పుడూ వంపులతోనే ఉంది కాబట్టి గుండ్రం ప్రత్యేకంగా ఏమీ చెప్పదు. తెలుగులో మెత్తదనం వచ్చేది మూడు చోట్ల నుంచి: గీత మందం మొదటి నుంచి చివరిదాకా సమానంగా ఉండడం, తలకట్టు కొనలు కోసినట్టు కాకుండా గుండ్రంగా ముగియడం, లోపలి సుడులు తెరుచుకుని ఉండడం. ఇంగ్లిష్‌కి గుండ్రటి ఫాంట్ పెట్టి, తెలుగుకి కలం వాటంతో లావు సన్నాలు మారే ఫాంట్ పెడితే రెండూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు.

తెలుగు లావెక్కడానికి ఒక హద్దు కూడా ఉంది. థ లోపలి చుక్క, ధ కింది చిన్న గీత, ఘ మలుపులు, ఇవన్నీ ఇరుకు చోట్లు. బరువు పెరిగేకొద్దీ మొదట పూడుకుపోయేవి ఇవే. థ చుక్క పూడితే చదివేవాళ్లు పదాన్ని బట్టి ఊహించుకోవాలి. మీ బోర్డు మీది "వైద్యశాల" అనే పదమే తీసుకోండి. వైలో ఐత్వం పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ద్యలో య ఒత్తు కిందికి దిగి, కుడివైపు సాగి, శా ఒడిలోకి వెళ్లబోతుంది. లావు ఫాంట్‌లో ఆ తోక పక్క అక్షరాన్ని తాకుతుంది, అక్కడ ద్య, శా మధ్య చేత్తో కొంచెం జరపాలి. పైగా కింద ఒత్తులు ఉన్నాయి కాబట్టి ఇంగ్లిష్ పేరుకీ తెలుగు పేరుకీ ఒకే బాక్సు ఎత్తు ఇస్తే తెలుగు నలిగిపోతుంది. తెలుగు పంక్తికి ఎక్కువ చోటు ఇవ్వండి. రెండిటి ఫాంట్ సైజుల అంకెలు సమానంగా ఉండాలన్న పట్టింపు వదిలేయండి. దూరంగా జరిగి చూసినప్పుడు రెండిటి నలుపు సమానంగా కనిపిస్తే చాలు. నా చేతిలో ఎప్పుడూ తెలుగు ఇంగ్లిష్ కంటే ఒక వెయిట్ తక్కువగానే కుదిరింది.

రెండు లిపులూ ఒకే చేతి నుంచి వచ్చిన ఫాంట్ కావాలంటే ఏక్ టైప్ అనే ఫాంట్ సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు 2 చూడండి. లావైన, గుండ్రటి కుటుంబం అది. మిగతా భారతీయ లిపుల్లో చాలావాటికి దానికి తోబుట్టువులు ఉన్నాయి. రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ వరకు ఐదు వెయిట్లు ఉండడంతో నేను పైన చెప్పిన ఒక మెట్టు సర్దుబాటు అందులోనే చేసుకోవచ్చు. ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద వచ్చింది కాబట్టి లోగోకి, బోర్డుకి డబ్బు కట్టకుండా వాడొచ్చు. కొనాల్సిన ఫాంట్ అయితే ప్రింటుకి, వెబ్‌సైటుకి, యాప్‌కి లైసెన్సులు వేరుగా ఉంటాయేమో ముందే చదవండి.

రంగు విషయం. ఈ ఫాంట్లకి లేత రంగులు అబ్బుతాయని పుదీనా ఆకుపచ్చ మీద తెలుపు, లేత గులాబీ మీద తెలుపు పెట్టేస్తుంటారు. లావు ఉంది కదా చదవగలరనే ధీమా. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండడానికి పెట్టిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు నేపథ్యంతో కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి. 14 పాయింట్లు, ఆపైన ఉన్న బోల్డ్‌కి 3:1 సరిపోతుంది. అంటే లావు మీకు కొంత వెసులుబాటు ఇస్తుంది, అంతకు మించి ఇవ్వదు. లేత రంగు అంతగా నచ్చితే దాన్ని నేపథ్యానికి ఉంచి, అక్షరాలకి అదే రంగులోని ముదురు ఛాయ వాడండి. వైద్యశాలకి ముదురు నీలి ఆకుపచ్చ చాలా హుందాగా ఉంటుంది.

ఎక్కడ అసలు వాడకూడదో కూడా చెప్పేస్తాను. మందుల మోతాదు, చికిత్సకి సమ్మతి పత్రం, అత్యవసర ద్వారం గుర్తు, బిల్లు. వీటిలో తప్పు చదివితే నష్టం ఉంటుంది. గుండ్రటి ఫాంట్లు చాలావాటిలో క్యాపిటల్ ఐ, స్మాల్ ఎల్ రెండూ ఒకేలాంటి క్యాప్సూల్ ఆకారాలు. ఒకటి అంకెకి ముక్కు లేకపోతే అదీ వాటిలో కలిసిపోతుంది. బోర్డు మీద ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉంటే అవి మీ శాన్స్‌లో పెట్టండి. లోగో, బోర్డు, రిసెప్షన్ గోడ మీద పలకరింపు, అపాయింట్‌మెంట్ కార్డు మీద పేరు, పిల్లల విభాగం తలుపు, సోషల్ మీడియా పోస్టుల్లో ఒక్క వాక్యం, ఇవన్నీ ఈ ఫాంట్‌కి సొంత చోట్లు.

చివరగా బోర్డు తయారీకి ఫైలు పంపేముందు రెండు పనులు చేయండి. తెలుగు అక్షరాల్ని కర్వ్‌లుగా (ఫాంట్‌తో పనిలేని గీసిన ఆకారాలుగా) మార్చే పంపండి. అవతలి సాఫ్ట్‌వేర్‌కి తెలుగు కూర్పు తెలియకపోతే ద్య కాస్తా ద, పొల్లు, య అని విడిపోయి వస్తుంది, కోసేవాళ్లకి అది తప్పని తెలియకపోవచ్చు. కర్వ్‌లుగా మార్చాక, అంచులు మాత్రమే చూపించే అవుట్‌లైన్ వ్యూలో చూడండి. వేరియబుల్ ఫాంట్లలో (అన్ని వెయిట్లూ ఒకే ఫైలులో ఉండేవాటిలో) ఒక అక్షరాన్ని రెండు మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పరిచి కడతారు. స్క్రీన్ మీద ఒకటిగానే కనిపిస్తాయి, కట్టర్ మాత్రం ఆ అతుకుల వెంబడి కూడా కోసేస్తుంది. అన్నిటినీ ఎంచుకుని యునైట్ (ముక్కల్ని ఒకటిగా కలిపే ఆదేశం) కొట్టి, స్మాల్ ఈ కన్ను, థ లోపలి చుక్క చుట్టూ ఖాళీ ఇంకా తెరుచుకునే ఉన్నాయో లేదో చూసుకుని పంపండి. బ్రోషర్ మార్చాక కొత్త పేజీ ఇక్కడ పెడితే తప్పకుండా చూస్తాను.